కూతగాని వెల కట్టుటకు దళారి యేల?

గడచిన ఆదివారము మన సంఘ కార్యవర్గ సమావేశములో ఒక ప్రతిపాదన చదువబడినది. కాశేలిలో సాంచెలపై పనిచేయు కార్మికుని కుమారుడొకడు కలడు. కళాశాలలో బి.కాం. రెండవ సంవత్సరము చదువుచున్నాడు. చెడుగుడు ఆటలో మంచి రైడరు. వానిని ప్రొ కబడ్డీ లీగులో చేర్పించెదనని ఒక మధ్యవర్తి బయలుదేరినాడట. అందులకు కుర్రవాడు ఈ యేడు పరీక్షకు కూర్చుండక, ఆ మధ్యవర్తి చూపిన శిబిరమునకు పోయి ఆరు మాసములుండవలెనట. అందులకగు సొమ్మును మన విద్యార్థి సహాయ నిధి నుండి మూడు వాయిదాలలో ఈయవలెనట. తెలుగు టైటాన్సు జట్టువారు తెలుగు పిల్లవానిని కాదందురా యని ఒక సభ్యుడు పలుకగా పలువురు కరతాళధ్వనులు చేసిరి. కుర్రవాని ఆటను కన్నులార చూచినవారెందరని మేమడుగగా, చేతిఫోనులో ఒక నిమిషము నిడివిగల చలనచిత్రమును మా ముందు పెట్టిరి.

ఈ ప్రతిపాదనను మేము వ్యతిరేకించుచున్నాము. ఆటలు సోమరుల పని యని తలచి కాదు. ఆ కుర్రవాడు మనవాడగుటచేతను, వాని ఆటయందు మాకు నమ్మకము కలుగుటచేతను వ్యతిరేకించుచున్నాము. సమావేశములో మాకు దొరకిన వ్యవధి స్వల్పము. కావున మా కారణములను పాఠక సోదరసోదరీమణుల యెదుట విపులముగా నుంచుచున్నాము.

మొదట ఆ ఒక నిమిషపు చిత్రము సంగతి. మనలో నూటికి తొంబదిమందికి బట్టతోనో నూలుతోనో సంబంధము కలదు. కోరా తాను బేరమునకు వచ్చినప్పుడు మడతపై నున్న గజము బట్టను చూచి వెల చెప్పువాడు మన బజారులో కలడా? తానును బల్లపై విప్పించెదము. వెలుతురున కెదురుగా పట్టి చూచెదము. భూతద్దము పెట్టి అంగుళమునకు పేక పోగులెన్నో లెక్కించెదము. పన్నా మొదటనెంత, చివరనెంత యని కొలిచెదము. ఎక్కడ పోగు తెగినదో, ఎక్కడ నూనె మరక యున్నదో, ఎక్కడ నేతవాడు కునికి లేచినాడో తాను మధ్యభాగమే చెప్పును గాని మీది మడత చెప్పదు. ఇరువది రూపాయల గజమునకు ఇంత పరీక్ష చేయు మనము, మన పిల్లవాని జీవితమునకు మీది మడతనే చూచి సంతకము పెట్టుదుమా?

ఆ చిత్రములో ఎనిమిది కూతలున్నవి. ఎనిమిదింటను కుర్రవాడు గెలిచినాడు. గెలువని కూతలను కత్తిరించి పారవేసినారు గావున గెలిచినాడు! ఎదుటి జట్టున నెందరు మిగిలియున్నప్పుడు పోయినాడు, ఆట యెన్నవ నిమిషములో నున్నది, ఎదుటివారు ఏ పాటివారు అనునవేవియు అందు కానరావు. ఎదుట ఇద్దరో ముగ్గురో మిగిలి, భయపడి మూలలకు ఒదిగియున్నవేళ ఒకనిని తాకి వచ్చుట వేరు. ఏడుగురును గొలుసుకట్టి నిలిచి, రెండు మూలల ఆటగాండ్రును చీలమండపై కన్నువేసి వంగియున్నవేళ లోనికి చొచ్చుకొని పోవుట వేరు. పలకపై రెంటికిని ఒకటే అంకె పడును. ఆటగానిని వెదకుటకు వచ్చిన వృత్తి జట్టువాడు ఆ అంకెను చూడడు, దాని వెనుకనున్న దానిని చూచును.

అందుచేత మేమును, మా మిత్రులు ఇరువురును కలసి ఆ కుర్రవాని ఆటను వరుసగా చూచితిమి. ఠాణా ఖాడీకి ఈవల గ్రామములలో రాత్రివేళ దీపములు కట్టి ఆడు పోటీలలో చూచితిమి. కళాశాలల పోటీలో చాపపై ఆడగా చూచితిమి. (కాశేలి వంతెనపై వాహనముల రద్దీలో చిక్కి ఒక ఆట మొదటి సగము మాకు దక్కలేదు. ఆ వంతెన సంగతి వేరొక వారము వ్రాయవలసినదే.) మేము యౌవనమున ఆడినవారమే గాని నిపుణులము కాము. అయినను కాగితము, కలము పట్టుకొని ప్రతి కూతకును ఎదుట నెందరున్నారో వ్రాసికొనుటకు నైపుణ్యము అక్కరలేదు. చిల్లర లెక్క వ్రాయు ఓపిక చాలును.

మాకు కనబడిన గుణములను ముందు చెప్పెదము. కుర్రవానికి కాలు చాచి తాకి వెనుకకు మరలు వేగము అపూర్వముగా నున్నది. తాకినదాకా వాని భుజము కదలదు, కన్ను కదలదు. కావున ఎదుటివానికి సూచన అందదు. మధ్యగీతకు జానెడు దూరమున పట్టుబడినప్పుడు శరీరమును చాచి గీతను అందుకొనుటలో వానికి తెలివి కలదు, బలమును కలదు. ఊపిరి మంచిది. ముప్పది క్షణముల కూతలో ఇరువదియైదవ క్షణము వరకు తొందరపడడు. ఒక ఆటలో వాని జట్టు మిక్కిలి వెనుకబడియుండగా, తోటివారు ఒకరినొకరు తిట్టుకొనుచుండగా వీడు నోరు విప్పక తన చోట నిలిచి యుండెను. ఈ కడపటిది ఏ చిత్రములోను పడదు. మాకు అన్నింటికన్న నచ్చిన గుణమదియే.

ఇక లోపములు. రెండు కూతలు వట్టిపోయిన పిమ్మట మూడవ కూతలో పాయింటు తెచ్చితీరవలెను, లేనిచో రైడరు బయటకు పోవలెను. వృత్తి జట్టువారు రైడరును తూచు తక్కెడ ఈ మూడవ కూతయే. అందు మన కుర్రవాడు సగమునకు పైగా పట్టుబడెను. కారణము స్పష్టము. వాడు ఎల్లప్పుడును కుడివైపుననే లోనికి పోవును. మొదటి రెండు కూతలలో ఎదుటివారు దానిని కనిపెట్టి, మూడవదానికి ఆ మూలను గట్టిచేయుదురు. ఎడమకు మరలి ఆడుట వానికి ఇంకను అలవడలేదు. ఎదుట ఆరుగురు గాని ఏడుగురు గాని యున్నప్పుడు బోనసు గీతను దాటి ఒక పాయింటు సంపాదించు అవకాశము కలదు. వాడు దాని జోలికే పోడు. ఇదియొక పెద్ద నష్టము. రక్షణలో నిలిచినప్పుడు పరధ్యానముగా నుండును. మట్టిలో వట్టికాళ్లతో ఆడి పెరిగిన పిల్లవాడగుటచే, చాపపై బూట్లతో మలుపు తిరుగునప్పుడు పాదము తడబడుచున్నది. చాపపై ఆ తడబాటు అర అడుగు. చీలమండ చిక్కుటకు అర అడుగు చాలును.

ఈ లోపములలో మానుపరానిది ఒక్కటియు లేదు. ఒక మంచి శిక్షకుడు, చాప పరచిన మైదానము, రెండేండ్ల ఓర్పు ఉన్నచో ఇవి యన్నియు చక్కబడును. ఆ మధ్యవర్తి కుర్రవాని ఆటను గూర్చి ఒక్క లోపమైనను చెప్పలేదని సభలో విన్నాము. బట్టలో లోపమే లేదని చెప్పు అమ్మకందారును మనము నమ్ముదుమా?

ఇప్పుడు కోట్ల మాటకు వచ్చెదము. ఆ రోజు సభలో కోటి యను మాట ఎన్నిమారులు వినబడెనో లెక్కలేదు. నిజమే, లీగు 2014లో ఆరంభమైనప్పుడు వేలములో అధికమైన ధర రాకేశ్ కుమారునకు పట్నా జట్టువారిచ్చిన 12.80 లక్షలు మాత్రమే. 2018లో మోను గోయత్‌కు 1.51 కోట్లు పలికినది. 2023లో పవన్ సెహ్రావత్‌ను తెలుగు టైటాన్సువారు 2.605 కోట్లకు కొనిరి. తొమ్మిదేండ్లలో ఇరువది రెట్లు! ఏ సరకునకు ఇట్టి పెరుగుదల కలదని వ్యాపారి మనస్సు ఉప్పొంగుట సహజమే. కాని వ్యాపారి పై ధరను మాత్రమే చూచునా? 2024 వేలములో ఆటగాండ్రను నాలుగు తరగతులుగా విభజించి 30, 20, 13, 9 లక్షలు కనీసపు ధరలుగా నిర్ణయించిరి. కొనువారు లేకున్నచో ఆ కనీసము కూడ కాగితముమీదనే నిలుచును. జట్లు పన్నెండు. జట్టునకు ఇరువదియైదుగురికి మించరాదు. దేశమంతటికిని మూడువందల చోట్లు. హర్యానా పల్లెలలో ఎందరు పిల్లలు తెల్లవారుజామున లేచి ఈ చోట్లకై పరుగులిడుచున్నారో మీరే ఊహింపుడు. మరియు, క్రొత్తగా వచ్చు యువకులలో పలువురు మొదట వేలపు సుత్తి క్రిందికి రారు. 2017లో మొదలైన ఎంపిక శిబిరముల వంటి మార్గములలో వారిని పరీక్షించి, నూతన యువ ఆటగాండ్రను తరగతిలో జట్లు ముందుగానే చేర్చుకొనును. నవీన్ కుమార్ అట్లు 2018లో ఢిల్లీ జట్టున చేరి లీగులో మేటి ఆటగాడైనాడు. మన మహారాష్ట్రమునకు చెందిన అస్లం ఇనాందార్ అట్టి తరగతిలోనే పుణె జట్టున ప్రవేశించి, 2024 మార్చి 1వ తేదీన ఆ జట్టు విజేతగా నిలిచినప్పుడు దానికి నాయకుడై యుండెను. వీరిని జట్లవారు ఆట చూచి ఏరుకొనిరి.

ధర పెరుగుట చూపువారు ధర పడుటను చూపరు. కొల్హాపూరు జిల్లా బిడ్డ సిద్ధార్థ దేశాయి కథ మన ఇండ్లలో ఎరుగనివారు లేరు. 2018లో ముంబయి జట్టు వానిని 36.40 లక్షలకు కొన్నది. ఆ యేడు ఆట జూచి 2019లో తెలుగు టైటాన్సు 1.45 కోట్లిచ్చినది. 2021లో మరల 1.30 కోట్లు. ఆ పిమ్మట భుజమునకు గాయమై కొలది ఆటలకే పరిమితుడయ్యెను. 2022 వేలములో అదే తెలుగు టైటాన్సు అదే ఆటగానిని 20 లక్షలకు తీసికొన్నది. 2023లో హర్యానా జట్టు మరల కోటి ఇచ్చినది. ఒక భుజపు కీలు ఒక్క యేడాదిలో కోటి పది లక్షలు దింపినది చూడుడు. పవన్ సెహ్రావత్ మాత్రమేమి? 2022లో తమిళ జట్టు రెండు కోట్లకు పైగా ఇచ్చి కొన్న పిమ్మట మొదటి ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ సీజను అంతయు బయట కూర్చుండెను. వీరు పేరుమోసినవారు గనుక తిరిగి కొనువారు దొరకిరి. ప్రవేశించిన యేడే మోకాలు విరిగిన పేరులేని పిల్లవానిని ఎవరు కొందురు? వాడు తిరిగి కాశేలికే రావలెను. వచ్చినప్పుడు చేతిలో డిగ్రీ లేనిచో తండ్రి నిలిచిన సాంచె ప్రక్కనే నిలువవలెను. ఆ సాంచె ఆనాటికి నడచుచుండునో, పాత యినుముగా తూకమునకు పోయియుండునో ఎవరెరుగుదురు?

ఇంకొక మాట. ఎక్కువ వెల గల ఆటగాడున్న జట్టు గెలుచునను నియమమును లేదు. 2.605 కోట్ల ఆటగానితో తెలుగు టైటాన్సు ఆ సీజనున 22 ఆటలలో రెండింటను మాత్రమే గెలిచి పట్టికలో అట్టడుగున నిలిచినది. కాబట్టి వెల కట్టుట ఆరితేరినవారికే కష్టమైన విద్య యని తెలియుచున్నది.

ఈ విద్యను అమెరికావారు శాస్త్రముగా చేసినారు. అచ్చటి కళాశాలలలో బాస్కెట్‌బాల్ ఆడు వేలాది యువకులనుండి వృత్తి లీగులోనికి ఏటేట రెండు వరుసలలో సుమారు అరువదిమందిని జట్లు వంతులవారీగా కోరుకొనును. బంతిని నడుపుచు, తోటివారికి అందించుచు, దూరమునుండి వేయు చిన్నపాటి ఆటగానిని గార్డు అందురు. మన రైడరు వలె ఆట యంతయు వాని చేతిమీదుగా పోవును. గార్డును అంచనా కట్టుటలో అచ్చటి మహానిపుణులు పడిన పాట్లు వినదగినవి. 2009లో డేవిడ్సన్ అను చిన్న కళాశాల గార్డు స్టీఫెన్ కరీ ఎంపికకు వచ్చెను. సన్ననివాడు, పొట్టివాడు, పెద్దవారి నడుమ నిలువజాలడని పలువురు పెదవి విరిచిరి. మిన్నెసోటా జట్టునకు అయిదవ, ఆరవ వంతులు రెండును దక్కగా రెండింటను గార్డులనే కోరుకొని కరీని విడిచిపెట్టినది. ఏడవ వంతున పోయిన కరీ ఆ ఆట స్వరూపమునే మార్చివైచెను. ఆరవ వంతున పోయిన జానీ ఫ్లిన్ మూడేండ్లకే ఆ లీగునుండి కనుమరుగాయెను. దీనికి విపర్యయముగా 2011లో జిమ్మర్ ఫ్రెడెట్ అను గార్డు కళాశాల ఆటలో దేశమునందెల్ల ఎక్కువ పాయింట్లు వేసినవాడై, బహుమతులన్నియు గెలిచి, పదవ వంతున ఎంపికయ్యెను. పెద్ద లీగులో నిలదొక్కుకొనలేక తరువాత చైనాకు పోయి ఆడెను. పాయింట్లు లెక్కించి తీసికొన్న ఫలమది. పొడవు చూచి తీసికొన్న ఫలమునకు మన దేశపు ఉదాహరణమే కలదు. పంజాబు పల్లెనుండి పోయిన ఏడడుగుల సత్నాం సింగ్ 2015లో 52వ వంతున ఎంపికై, ఆ గౌరవము పొందిన మొదటి భారతీయుడయ్యెను. కాని ఆ లీగు ఆటలలో ఒక్కదానను దిగు భాగ్యము వానికి కలుగలేదు. తరువాత కుస్తీ ప్రదర్శనలకు పోయెను.

జీతములిచ్చి పరిశీలకులను దేశమెల్ల త్రిప్పువారే ఇట్లు పొరబడుచుండగా, చేతిఫోను చిత్రముతో ఒక మధ్యవర్తి నిశ్చయముగా చెప్పుచున్నాడు, మనము నిశ్చయముగా నమ్ముచున్నాము! ఎంపికలో డబ్బు ఏ దిక్కునుండి ఏ దిక్కునకు పోవలెనో దానిని చూడుడు. జట్టు ఆటగానికి డబ్బిచ్చును. ఆటగాడే ముందుగా డబ్బు చెల్లించి చేరు కొలువు ఎట్టి కొలువు? మన తాతలు ఊళ్లు విడిచి ఇచ్చటికి వచ్చినప్పుడు, సాంచె చూపించెదనని బయానా పుచ్చుకొని మాయమైన ముకద్దముల కథలు మన ఇండ్లలో ఇంకను చెప్పుకొనుచునే యున్నాము. వేషము మారినది, బయానా మారలేదు.

ఇక తెలుగు టైటాన్సు, తెలుగు పిల్లవాడు అను మాట. ఈ మాటకే ఎక్కువ చప్పట్లు పడినవి గావున దీనినే ఎక్కువగా ఖండించుచున్నాము. ఆ జట్టునకు మొదటి యేండ్లలో కీర్తి తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశమువాడు. సిద్ధార్థ దేశాయి మరాఠీవాడు. పవన్ ఢిల్లీ ప్రాంతమువాడు. వీరు కూతకు పోవునప్పుడు మన పిల్లలు పద్మనగరులో గొంతులు పగులునట్లు కేకలు వేసిరి గదా, అప్పుడు వారి మాతృభాష యేదని అడిగిరా? అట్లే హైదరాబాదులో విద్యుత్ పనివాని కుమారుడు తిలక్ వర్మను 2022లో ముంబయి క్రికెట్ జట్టు 1.70 కోట్లకు తీసికొన్నది. వాని కనీసపు ధర 20 లక్షలే. తెలుగువాడని తీసికొనలేదు, తెలుగువాడని విడువలేదు. ఆ మొదటి యేడే వాడు 14 ఆటలలో 397 పరుగులు చేసి ఎంపిక చేసినవారి కన్ను మెచ్చదగినదని చూపెను.

మనము ఈ రాష్ట్రములో భాషచే అల్పసంఖ్యాకులము. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మగ్గమును విడిచి వచ్చిన పూర్వుల సంతానమై, తరములుగా ఇచ్చటనే పుట్టి, ఇచ్చటనే మట్టిలో కలియుచున్నాము. పాఠశాలలో, పురపాలక సంఘములో, కొలువులలో మేము కోరునదేమి? భాషను చూచి మా పిల్లవానిని తక్కువచేయవలదని గదా! ఠాణా జిల్లా జట్టు ఎంపికలో ఈ కుర్రవాని ఇంటిపేరు విని ఎవడైన మొగము ముడిచినచో మనము ఊరకుందుమా? అట్టి మనమే వేరొక చోటికి పోయి, భాషను చూచి మా పిల్లవానిని ఎక్కువచేయుడని వేడుట యెట్లు? ఒక చేత న్యాయము అడుగుచు, వేరొక చేత సిఫారసు చాచుట మనకు తగదు. అది కుర్రవానికిని అవమానము. సిఫారసుతో చేరినవానికి ఆ జట్టులో ఎవడు బంతి వేయును, ఎవడు గొలుసు కలుపును? ఏ మూడవ కూతలో పట్టుబడినను, భాష పేర వచ్చినవాడని వెక్కిరింతురు.

వాడు ఇచ్చట పుట్టిన వాడు. వాని మార్గము ఠాణా జిల్లా జట్టు, పిదప మహారాష్ట్ర జట్టు. చెడుగుడు ఆటకు ఇంతటి పుట్టినిల్లు వేరొకటి కలదా? మరాఠీవారు దీనిని హుతుతు అని పిలిచి ఊరూర మండలములు కట్టి పెంచిరి. అమరావతి వ్యాయామ మండలివారు 1936లోనే బెర్లిను నగరమున ప్రదర్శించి చూపిరి. మన చుట్టునున్న ఆగ్రీ గ్రామములలో ప్రతి పిల్లవాడును నడక నేర్చినప్పుడే కూత నేర్చును. మన కుర్రవాడు ఆ వేగమును కూడ వారితో ఆడియే సంపాదించినాడు. వారి మండలములలో ఒకటి వానిని తమవానిగా ఆదరించుచున్నది. ఆ మండలమును విడిపించి ఎరుగని శిబిరమునకు పంపుట తెలివితక్కువ.

చదువు సంగతి ఒక్కమాటలో తేలునది కాదు. పరీక్ష మరుసటి యేడు వ్రాయవచ్చునని కొందరు తేలికగా పలికిరి. మరుసటి యేడు వ్రాసినవారిని మనము ఎందరిని చూచితిమి? కళాశాలలో పేరు ఉన్నంతకాలమే విశ్వవిద్యాలయపు జట్టున ఆడు అర్హత యుండును. అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో దేశపు నలుమూలలనుండి వచ్చిన ఆటగాండ్రతో చాపపై తలపడు అవకాశమును, వృత్తి జట్ల కంటబడు అవకాశమును అచ్చటనే కలవు. కళాశాలను విడిచినచో వాడు చదువును మాత్రమే కాదు, ఆటలో ముందుకు పోవు మెట్టును కూడ పోగొట్టుకొనును. రెండవది, రైల్వేలు, పోలీసు శాఖ మొదలగు సంస్థలు క్రీడాకారులకు కొలువులిచ్చును. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగములలో క్రీడాకారులకు నూటికి అయిదు వంతున ప్రత్యేకించిన చోట్లు కలవు. వానికి గుర్తింపు పొందిన పోటీల ధృవపత్రములతోబాటు విద్యార్హతయు కావలెను. మధ్యవర్తి శిబిరపు కాగితము అచ్చట చెల్లదు.

చదివినవాడు ఆడజాలడను వాదమును వింటిమి. సిద్ధార్థ దేశాయి భౌతికశాస్త్రములో పట్టభద్రుడు. మీద చెప్పిన కరీ, కోటానుకోట్లు గడించిన పిమ్మటను, వదలివచ్చిన డిగ్రీని 2022లో పూర్తిచేసికొనెను. వానికి ఆ పట్టముతో కూడు పుట్టవలసిన యవసరమేమి? అయినను పూర్తిచేసెను.

ఇంతమాత్రమున, ఆట కూడు పెట్టునా యని అడుగు పెద్దల పక్షమున మేము చేరినట్లు ఎవరును భ్రమపడవలదు. వారిది వేరొక తప్పు. సాంచె ఎల్లకాలము కూడు పెట్టునని వారి తండ్రులును అనుకొనిరి. ఆ పెద్దలలో ఒకరు, మన కులవృత్తిలో ఆటలెక్కడివని అడిగిరి. పండ్రెండు గంటల పాళీ నిలిచి నాలుగు సాంచెలను ఒక్కడే నడపినవాని కుమారునికి కాళ్లలో సత్తువ, కంటిలో చురుకు ఉండుటలో వింత యేమున్నది? ఆ సత్తువ ఇనుము ముందర అరిగిపోక మైదానమున వెలుగుట మాకు సంతోషమే. నిధిలోని సొమ్మును వానికై వ్యయము చేయుట మాకు ఇష్టమే. ఎచ్చట వ్యయము చేయవలెనను విషయముననే తగవు.

మా మాట యిది. కుర్రవాని కళాశాల రుసుమును రెండేండ్లకును నిధి చెల్లించవలెను. చాపపై ఆడుటకు తగిన బూట్లు రెండు జతలు కొనియీయవలెను. వారమునకు మూడు దినములు ఠాణాకు పోయి చాప గల మైదానమున అభ్యాసము చేయుటకు రాకపోకల ఖర్చు ఈయవలెను. ఎముకల వైద్యునిచే మోకాళ్లను, భుజములను ఇప్పుడే పరీక్ష చేయించి, ఏటికి రెండుమారులు మరల చూపవలెను. పాలు, గ్రుడ్లు, పప్పు వాని యింట కొరతపడకుండ చూడవలెను. రాత్రి పాళీలో తండ్రికి తోడుగా వాడు సాంచెల యొద్ద నిలుచుచున్నాడని విన్నాము. ఆ కూలి ఎంతయో అంత నిధి భరించి, వానిని నిద్రపోనీయవలెను. మా అంచనాలో మధ్యవర్తి అడిగిన మొదటి వాయిదాతోనే ఇందులో అధికభాగము నెరవేరును. ఏ జట్టుననుండియైనను నిజముగా పిలుపు వచ్చినచో, ఒప్పందపు కాగితమును సంతకమునకు ముందు చదివి అర్థము చెప్పగల న్యాయవాది మన సంఘములోనే కలరు. వారు రుసుము పుచ్చుకొనమని మాకు చెప్పియున్నారు.

కుర్రవాని తల్లిదండ్రులతో మేము మాటాడితిమి. తండ్రి, పెద్దలు ఎట్లన్న అట్లే యనెను. తల్లి మాత్రము, ఆ శిబిరమేయూరిలో నున్నదని అడిగినది. ఆ ప్రశ్నకు మధ్యవర్తి ఇంతవరకు జవాబీయలేదు. కుర్రవానిని అడుగగా, ఎడమవైపు ఆడుట నేర్పువారెవరైన కలరా యని వాడు మమ్ము ఎదురు ప్రశ్నించెను.

వచ్చు ఆదివారము సాయంకాలము ప్రతిపాదన మరల చర్చకు వచ్చును. అంతకుముందు శనివారము రాత్రి ఖాడీ ప్రక్క మైదానమున వాని ఆట కలదు. ఓటు వేయదలచినవారు ఆ ఆటకు రావలెనని, కాగితము, కలము తెచ్చుకొని మూడవ కూతలను లెక్కించవలెనని ప్రార్థన. మొదటి వాయిదా సొమ్ము ఇంకను కోశాధికారి యొద్దనే యున్నది. చర్చ ముగియువరకు దానిని ఎవరికిని ఈయరాదని మేము వ్రాతమూలకముగా కోరియున్నాము.